నాటింగ్‌హామ్‌లో కారు లేకుండా: ట్రామ్, బస్సు, రైలు, ఎయిర్‌పోర్ట్ దారులన్నీ

హైదరాబాద్ నుంచి ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్ వచ్చేవాళ్లు విమానం టికెట్ మీద రెండు మూడు వేలు తగ్గించుకోవడానికి వారం పాటు వెతుకుతారు. లండన్ హీత్రూ ఎయిర్‌పోర్ట్‌లో దిగాక ఇంటి గుమ్మం దాకా ఎలా చేరాలన్నది మాత్రం "అక్కడికెళ్లాక చూసుకుందాంలే" అని వదిలేస్తారు. తీరా రాత్రి తొమ్మిదింటికి రెండు పెద్ద సూట్‌కేసులతో, చార్జింగ్ అయిపోతున్న ఫోన్‌తో నిలబడినప్పుడు, విమానంలో మిగిలిన డబ్బు టాక్సీకే సరిపోదు. నేను వచ్చినప్పుడు జరిగింది ఇదే. అందుకే ఎవరు అడిగినా ఒకటే చెబుతాను: ప్రయాణాన్ని ఇంటి గుమ్మం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ఇంటికి దగ్గరి స్టాప్ ఏది, ఆ స్టాప్‌కి ఏ బండి వస్తుంది, ఆ బండి ఎక్కే చోటికి ఏ రైలు చేరుస్తుంది, ఆ రైలు అందాలంటే ఏ ఎయిర్‌పోర్ట్ మేలు. విమానం టికెట్ చివర కొనాలి.

ఈ గైడ్ కూడా అదే వరుసలో వెళ్తుంది. ఊరు లోపలి నుంచి మొదలుపెట్టి బయటికి.

మొదటి మెట్టు: ఊరి నడిబొడ్డును కాలినడకన తెలుసుకోండి

2021 జనాభా లెక్కల ప్రకారం నాటింగ్‌హామ్ నగరంలో ఉండేది మూడు లక్షల ఇరవై మూడు వేల పైచిలుకు మంది. మన లెక్కలో చిన్న ఊరే. ఊరి మధ్య భాగమైతే మరీ చిన్నది. రైల్వే స్టేషన్ నుంచి నేరుగా ఉత్తరానికి నడిస్తే ఐదు నిమిషాల్లో బ్రాడ్‌మార్ష్ బస్ స్టేషన్, ఇంకాస్త ముందుకు వెళ్తే ఓల్డ్ మార్కెట్ స్క్వేర్, అక్కడి నుంచి మరో ఐదారు నిమిషాల్లో విక్టోరియా బస్ స్టేషన్ వస్తాయి. ఈ నాలుగు చోట్లూ గుర్తుంటే ఊరు సగం వచ్చేసినట్టే.

వచ్చిన మొదటి ఆదివారం సామాను లేకుండా ఈ దారంతా ఒకసారి నడవండి. మార్కెట్ స్క్వేర్‌లో కౌన్సిల్ హౌస్ ముందు రెండు రాతి సింహాలుంటాయి. అక్కడివాళ్లు ఎవరినైనా కలుసుకోవాలంటే "లెఫ్ట్ లయన్ దగ్గరికి రా" అంటారు. మీరూ అదే గుర్తు పెట్టుకోండి, ఫోన్‌లో లొకేషన్ పంపే పని ఉండదు. విక్టోరియా బస్ స్టేషన్ పక్కన షాపింగ్ సెంటర్ ముందు ఒంటరిగా ఒక గడియారపు గోపురం కనిపిస్తుంది. 1900లో మొదలై 1967లో మూతపడిన విక్టోరియా రైల్వే స్టేషన్‌కి మిగిలిన గుర్తు అది. ఊరికి ఇప్పుడు మిగిలిన పెద్ద స్టేషన్ ఒకటే కాబట్టి "ఏ స్టేషన్?" అన్న గందరగోళం లేదు. బస్ స్టేషన్లు మాత్రం రెండు. ఏది కావాలో టికెట్ మీద ప్రతిసారీ చూసుకోండి.

పేర్లు పలికే తీరు కూడా ఇప్పుడే తెలుసుకోవడం మంచిది, లేకపోతే అనౌన్స్‌మెంట్లు అర్థం కావు. రాతలో డెర్బీలా కనిపించే ఊరిని డార్బీ అంటారు. లీసెస్టర్ అని చదవబుద్ధయ్యేది లెస్టర్. లోగ్‌బరోగ్ అనుకునేది లఫ్‌బరా. మన ఊరిని కూడా వాళ్లు నాటింగమ్ అనే అంటారు. బస్సు డ్రైవర్ మిమ్మల్ని "డక్" అని పిలిస్తే చిన్నబుచ్చుకోకండి, ఈ ప్రాంతంలో అది ఆప్యాయమైన పిలుపు.

రెండో మెట్టు: ట్రామ్ ఎక్కడం నేర్చుకోండి

ఈ ఊళ్లో 1936లో ఆగిపోయిన ట్రామ్ 2004 మార్చిలో మళ్లీ మొదలైంది. మొదట ఉత్తరం వైపు ఒకే దారి ఉండేది. 2015 ఆగస్టులో దక్షిణం వైపు రెండు దారులు కలిపారు. ఆ విస్తరణకు డబ్బు వచ్చిన దారుల్లో ఒకటి తెలుసుకోదగ్గది. 2012 నుంచి ఈ నగరంలో ఉద్యోగులకు 11 లేదా అంతకంటే ఎక్కువ పార్కింగ్ స్థలాలు ఇచ్చే సంస్థలు ఒక్కో స్థలానికీ ఏటా కౌన్సిల్‌కు సొమ్ము కట్టాలి. బ్రిటన్‌లో ఈ పని చేసిన మొదటి నగరం ఇదే. కారు దగ్గర వసూలు చేసి ట్రామ్‌కి పెట్టారు. అందుకే కారు లేని మనిషి ఇక్కడ తలెత్తుకుని బతకగలడు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పెరిగిన నాకు ఆ ఒక్క నిర్ణయం మీద ఎంతో గౌరవం.

దారులు రెండు. ఒకటో లైన్ ఉత్తరాన హక్నాల్ నుంచి దక్షిణాన టోటన్ లేన్ వరకు. రెండో లైన్ ఫీనిక్స్ పార్క్ నుంచి క్లిఫ్టన్ సౌత్ వరకు. ఉత్తరాన హైబరీ వేల్ నుంచి ఊరి మధ్యగా రైల్వే స్టేషన్ దాకా రెండూ ఒకే పట్టాల మీద నడుస్తాయి. ఆ మధ్యలో తిరిగేవాళ్లు ఏది వస్తే అది ఎక్కొచ్చు. స్టేషన్ దాటాకే విడిపోతాయి. టోటన్ లేన్ ట్రామ్ క్యూఎంసీ ఆసుపత్రి, నాటింగ్‌హామ్ యూనివర్సిటీ, బీస్టన్ మీదుగా వెళ్తుంది. క్లిఫ్టన్ ట్రామ్ ట్రెంట్ నది దాటి విల్‌ఫర్డ్ వైపు పోతుంది.

వచ్చిన రెండో వారంలో యూనివర్సిటీకి వెళ్లాలని ముందు చూడకుండా ఎక్కేశాను. కాసేపటికి కిటికీలోంచి నది కనిపించింది. యూనివర్సిటీ దారిలో నది దాటే పని లేదు కదా అని అప్పుడు వెలిగింది. దిగి, అటు వైపు ప్లాట్‌ఫామ్‌కి వెళ్లి, వెనక్కి వచ్చేసరికి క్లాసు సగం అయిపోయింది. లైన్ నంబర్ కంటే ట్రామ్ నుదుటి మీద ఉన్న ఆఖరి స్టాప్ పేరు చదవడం అలవాటు చేసుకోండి. టోటన్ లేన్ అని ఉంటే యూనివర్సిటీ, బీస్టన్.

టికెట్ సంగతి అన్నిటికంటే ముఖ్యం. ట్రామ్ ఎక్కకముందే టికెట్ ఉండాలి. స్టాప్‌లో మెషీన్ ఉంటుంది, లేదా నెట్‌గో యాప్‌లో కొనొచ్చు. యాప్‌లో కొంటే సరిపోదు, ఎక్కేముందు దాన్ని యాక్టివేట్ చేయాలి. "లోపల కండక్టర్ వస్తాడు, అప్పుడు తీసుకుందాం" అనేది మన ఆర్టీసీ అలవాటు. ఇక్కడ లోపలికి వచ్చేది టికెట్ అమ్మేవాళ్లు కాదు, తనిఖీ చేసేవాళ్లు. టికెట్ లేకపోతే జరిమానా పెద్దదే, కొత్తగా వచ్చానన్నా వదలరు. విద్యార్థి టికెట్ కొంటే విద్యార్థి గుర్తింపు కార్డు జేబులో ఉండాలి.

ట్రామ్ మీద మన సరుకుల దారి ఒకటుంది. కందిపప్పు, కరివేపాకు, సోనా మసూరి కావాలంటే హైసన్ గ్రీన్ ప్రాంతానికి వెళ్లాలి. అక్కడ రాడ్‌ఫర్డ్ రోడ్ పొడవునా ఆసియా దుకాణాలే. ఇక్కడ చిన్న మెలిక. ఆ ప్రాంతంలో ట్రామ్ వెళ్లే వీధి వేరు, వచ్చే వీధి వేరు. ఊరి నుంచి వెళ్లేటప్పుడు నోయెల్ స్ట్రీట్ లేదా బీకన్స్‌ఫీల్డ్ స్ట్రీట్ స్టాప్‌లో దిగాలి. సంచులతో తిరిగొచ్చేటప్పుడు హైసన్ గ్రీన్ మార్కెట్ స్టాప్‌లో ఎక్కాలి. దిగిన చోటే వెనక్కి వచ్చే ట్రామ్ కోసం నిలబడితే అది రాదు.

ఏడాదిలో ఒక్కసారి, సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో, ఆ దారిలోనే ఉన్న ఫారెస్ట్ మైదానంలో గూస్ ఫెయిర్ అనే పెద్ద తిరునాళ్లు జరుగుతుంది. ఆ సాయంత్రాల్లో అటు వెళ్లే ట్రామ్‌లు కిక్కిరిసిపోతాయి. సరుకులకు ఇంకో రోజు పెట్టుకోండి.

మూడో మెట్టు: బస్సులు, వాటి రంగులు

ఊరి లోపల ఎక్కువ బస్సులు నాటింగ్‌హామ్ సిటీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లవి. అందరూ ఎన్‌సీటీ అంటారు. అందులో పెద్ద వాటా ఇప్పటికీ సిటీ కౌన్సిల్‌దే. ఇంగ్లాండ్‌లో బస్సులు చాలావరకు ప్రైవేటు చేతుల్లోకి పోయాక కూడా ఇలా మిగిలినవి తక్కువ. రూట్లను రంగులతో పిలుస్తారు. ఆరెంజ్ లైన్ అంటే యూనివర్సిటీ, లెంటన్, చిల్‌వెల్ వైపు. గ్రీన్ లైన్ అంటే నది అవతల వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్ వైపు. దూరం నుంచి నంబర్ కనబడకపోయినా రంగు కనబడుతుంది, వానలో ఆ సుఖం తెలుస్తుంది.

విద్యార్థులకు పనికొచ్చేవి: నాటింగ్‌హామ్ యూనివర్సిటీ పెద్ద క్యాంపస్‌కు 34. నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ క్లిఫ్టన్ క్యాంపస్‌కు 4. సౌత్‌వెల్ దగ్గరి బ్రాకెన్‌హర్స్ట్ క్యాంపస్‌కు 26. క్లిఫ్టన్ పేరు చూసి ట్రామ్ ఎక్కకండి, ఆ స్టాప్‌లు క్యాంపస్‌కు దూరం, సామానుతో నడిచే దారి కాదు. నాటింగ్‌హామ్ యూనివర్సిటీ తన క్యాంపస్‌ల మధ్య హాపర్ అనే ఉచిత బస్సులు నడుపుతుంది. సటన్ బోనింగ్టన్‌లో చదివేవాళ్లకు అవే ప్రాణం.

ఎక్కే పద్ధతి ఇది. బస్సు కనబడగానే చెయ్యి చాపాలి. స్టాప్‌లో నిలబడ్డారు కదా అని ఆపరు. ముందు తలుపులోంచి ఎక్కి, వెళ్లే చోటు చెప్పి, బ్యాంకు కార్డు మెషీన్‌కి తాకించాలి. నోట్లు ఇస్తే చిల్లర రాదు, కాబట్టి కార్డే నయం. ఎన్‌సీటీ బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారి తాకిస్తే చాలు. అదే కార్డుతో రోజంతా తిరిగితే ఒక పరిమితి దాటాక ఇంక డబ్బు పోదు. వారానికీ అలాగే ఒక పరిమితి ఉంటుంది. ఒకసారి కార్డు, ఇంకోసారి ఫోన్ తాకిస్తే మాత్రం మెషీన్ ఇద్దరు మనుషులనుకుంటుంది, పరిమితి లెక్క రెండుగా చీలిపోతుంది. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. దిగేముందు గంట నొక్కాలి, దిగుతూ డ్రైవర్‌కి థాంక్స్ చెప్పాలి. అందరూ చెబుతారు. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరు కానీ, చెప్పి చూడండి, ఊరు మనదనిపిస్తుంది.

డార్బీ, లాంగ్ ఈటన్ లాంటి పక్క ఊళ్లకు ట్రెంట్‌బార్టన్ బస్సులున్నాయి. ఇండిగో బస్సు బీస్టన్ మీదుగా వెళ్తుంది. డార్బీకి త్వరగా పోవాలంటే రెడ్ యారో. వీళ్ల కార్డు పేరు మ్యాంగో. మన నోటికి బాగా దగ్గరి పేరే, కానీ దాన్ని ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ తాకించాలి. మర్చిపోతే ఎక్కువ చార్జీ పడుతుంది.

ఇంగ్లాండ్ అంతటా ప్రభుత్వం బస్సు సింగిల్ టికెట్ (ఒక వైపు ప్రయాణం) ధర మీద పరిమితి పెట్టింది. 2023 జనవరిలో 2 పౌండ్లతో మొదలై, 2025 జనవరి నుంచి 3 పౌండ్లయింది. 2027 మార్చి దాకా ఉంటుందని ప్రకటించారు. పథకంలో చేరిన బస్సుల్లో దూరం ఎంతైనా సింగిల్‌కి అంతకు మించదు. పక్క ఊళ్లకు పోయేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

నాలుగో మెట్టు: ఇల్లు తీసుకునేముందు స్టాప్ చూడండి

ఇది రవాణా గైడ్‌లో ఎందుకంటే, అద్దెలో యాభై పౌండ్లు తగ్గిందని బస్సు సరిగా లేని వీధిలో ఇల్లు తీసుకుని, పార్ట్‌టైమ్ ఉద్యోగం అయ్యాక అర్ధరాత్రి గంట నడిచినవాళ్లను చూశాను. నా సలహా బీస్టన్. ట్రామ్ ఉంది, 36 నంబర్ బస్సు ఉంది, ఇండిగో ఉంది, సొంత రైల్వే స్టేషన్ కూడా ఉంది. ఒకటి ఆగిపోయినా ఇంకోటి దొరుకుతుంది. లెంటన్ యూనివర్సిటీకి దగ్గర, బస్సులు వరసగా వస్తాయి. వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్ కుటుంబాలకు చక్కటి చోటు, ట్రామ్ లేదు కానీ గ్రీన్ లైన్ బస్సులు బాగున్నాయి. ట్రెంట్ బ్రిడ్జ్ క్రికెట్ మైదానం అటే. 2018లో భారత్ టెస్టు గెలిచింది, 2021లో మన సిరాజ్ బౌలింగ్ చేసింది అక్కడే. మ్యాచ్ రోజు బస్సు కోసం చూడొద్దు, స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక.

ఇల్లు చూడటానికి పగలు వెళ్లి ఊరుకోకండి. ఆ స్టాప్‌లో ఆదివారం మొదటి బండి ఎన్నింటికి, రాత్రి ఆఖరి బండి ఎన్నింటికి అన్నది చూసి సంతకం పెట్టండి.

ఐదో మెట్టు: రైలు టికెట్ అర్థం చేసుకోండి

ఇక్కడే మనవాళ్ల డబ్బు ఎక్కువ పోతుంది. మన రైల్వేకి అలవాటుపడిన బుర్రను కాసేపు పక్కన పెట్టాలి. ఇక్కడ వెయిటింగ్ లిస్ట్ లేదు, ఆర్‌ఏసీ లేదు. టికెట్ ఉంటే ప్రయాణించే హక్కు ఉన్నట్టు. సీటు వేరే సంగతి, రద్దీలో నిలబడాల్సి రావొచ్చు. కాబట్టి రైలు "ఫుల్" అయిపోతుందన్న టెన్షన్ కంటే ధర పెరుగుతుందన్న జాగ్రత్త ఉండాలి.

టికెట్లు ముఖ్యంగా మూడు రకాలు. అడ్వాన్స్ అన్నిటికంటే చవక, కానీ టికెట్ మీద రాసిన రైలుకే చెల్లుతుంది, అది తప్పితే టికెట్ పోయినట్టే. ఆఫ్‌పీక్ అంటే రద్దీ వేళలు వదిలి మిగతా రైళ్లలో ఏదైనా. ఎనీటైమ్ ఎప్పుడైనా, ధర చూస్తే గుండె ఆగుతుంది. అడ్వాన్స్ టికెట్లు మామూలుగా రెండు మూడు నెలల ముందు అమ్మకానికి వస్తాయి. తేదీ ఖాయమైన రోజే కొనేయండి. రైలు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కొంటే బుకింగ్ ఫీజు ఉండదు. పైగా ఏ కంపెనీ వెబ్‌సైట్‌లోనైనా దేశంలోని ఏ రైలుకైనా కొనొచ్చు.

తర్వాత రైల్‌కార్డు. 16 నుంచి 25 ఏళ్లవాళ్లకు ఒకటి ఉంది. 26 దాటినా ఫుల్‌టైమ్ చదువుతున్నవాళ్లకు అదే ఇస్తారు, ఈ సంగతి తెలియక వదులుకునే పీజీ విద్యార్థులు చాలామంది. 2025 మార్చి నుంచి ధర 35 పౌండ్లు, ఏడాది పాటు చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గింపు. లండన్‌కి మూడు నాలుగు సార్లు వెళ్లొస్తే పెట్టింది తిరిగొస్తుంది. మామూలు రోజుల్లో పొద్దున పదిలోపు ప్రయాణాలకు కనీస చార్జీ నిబంధన ఉంటుంది, అది చూసుకోండి. దంపతులకు టూ టుగెదర్ కార్డు మేలు. ఇద్దరూ కలిసే ప్రయాణించాలి, మామూలు రోజుల్లో తొమ్మిదిన్నర తర్వాతే. రైల్‌కార్డు తగ్గింపుతో టికెట్ కొని కార్డు చూపించలేకపోతే టికెట్ లేనట్టే లెక్క. సరైన టికెట్ లేకపోతే ఇంగ్లాండ్‌లో 2023 జనవరి నుంచి జరిమానా 100 పౌండ్లు, దానికి టికెట్ ధర అదనం. 21 రోజుల్లో కడితే 50. అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి పవర్ బ్యాంక్ లేకుండా బయల్దేరొద్దు.

దిగిన ఊళ్లో బస్సు కూడా కావాలంటే రైలు టికెట్‌తో పాటు ప్లస్‌బస్ అడగండి. తక్కువ ధరకు ఆ రోజంతా ఆ ఊరి బస్సుల్లో తిరగొచ్చు. నాటింగ్‌హామ్‌కి వచ్చే చుట్టాలకు ఇది తీసుకుంటే ట్రామ్‌కీ పనికొస్తుంది.

రైలు ఆలస్యమైతే ఊరుకోకండి. డిలే రిపే అని ఉంది. పదిహేను నిమిషాలు దాటితే సింగిల్ చార్జీలో పావు వంతు, అరగంట దాటితే సగం, గంట దాటితే మొత్తం తిరిగి ఇస్తారు. ఆలస్యానికి కారణం ఏమిటని మనం నిరూపించక్కర్లేదు. టికెట్ ఫొటోతో ఫారం నింపితే చాలు. 28 రోజుల్లోపు అడగాలి. ఒకసారి నా రైలు గంటా పది నిమిషాలు ఆలస్యమైంది. పక్కన కూర్చున్న పెద్దావిడ చెప్పేదాకా నాకీ హక్కు ఉందని తెలియదు. పూర్తి డబ్బు వచ్చింది.

ఆదివారాలు, పండుగ సెలవులు ట్రాక్ మరమ్మతుల రోజులు. రైలు బదులు బస్సు పెడతారు, గంట ప్రయాణం రెండు గంటలవుతుంది. డిసెంబర్ 25న రైళ్లు అసలు నడవవు, 26న కూడా దాదాపు ఉండవు. క్రిస్మస్ రోజు విమానం చవగ్గా దొరికిందని కొనేముందు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

ఆరో మెట్టు: ఏ ఊరికి ఎలా

లండన్‌కి ఈస్ట్ మిడ్‌లాండ్స్ రైల్వే రైళ్లు సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కి వెళ్తాయి. మామూలుగా గంటకు రెండు, ప్రయాణం గంటన్నర నుంచి గంటా యాభై నిమిషాలు. డబ్బు కంటే సమయం ఎక్కువున్నవాళ్లకు కోచ్ బస్సులు చవక. నేషనల్ ఎక్స్‌ప్రెస్ బ్రాడ్‌మార్ష్ నుంచి బయల్దేరుతుంది. బర్మింగ్‌హామ్‌కి రైల్లో గంటా పావు, షెఫీల్డ్‌కి గంట, లీడ్స్‌కి రెండు గంటలు, లెస్టర్‌కి, డార్బీకి అరగంట. సముద్రం చూడాలంటే స్కెగ్‌నెస్‌కి నేరుగా రైలుంది, రెండు గంటలు.

తిరుపతి వెంకన్న దర్శనం కావాలనిపిస్తే టివిడేల్ బాలాజీ గుడి ఉంది. 2006లో ప్రతిష్ఠ జరిగిన ఈ గుడికి దేశం నలుమూలల నుంచి తెలుగువాళ్లు వస్తారు. నాటింగ్‌హామ్ నుంచి బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌కి రైలు, అక్కడ మారి పది నిమిషాల్లో శాండ్‌వెల్ అండ్ డడ్లీ స్టేషన్, అక్కడి నుంచి టాక్సీలో కొద్ది దూరం. రైల్‌కార్డుతో పొద్దున పది తర్వాత బయల్దేరితే దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, చీకటి పడేసరికి ఇంటికి రావొచ్చు. నలుగురు కలిసి వెళ్తే ఆ చివరి టాక్సీ ఖర్చు మనిషికి పెద్ద లెక్క కాదు.

ఏడో మెట్టు: ఎయిర్‌పోర్ట్‌లు, ఇప్పుడు విమానం సంగతి

దగ్గరగా ఉన్నది ఈస్ట్ మిడ్‌లాండ్స్ ఎయిర్‌పోర్ట్. స్కైలింక్ బస్సు ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. ఇక్కడి నుంచి భారత్‌కి విమానాలు లేవు, యూరప్ ప్రయాణాలకే. ఈస్ట్ మిడ్‌లాండ్స్ పార్క్‌వే అనే రైల్వే స్టేషన్ పేరు చూసి అది ఎయిర్‌పోర్ట్ లోపలే ఉందనుకోవద్దు. మధ్యలో మైళ్ల దూరం.

మన ప్రయాణానికి నేను మొదట చూసేది బర్మింగ్‌హామ్. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా ఎమిరేట్స్ అక్కడికి వస్తుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి ఉచిత ఎయిర్-రైల్ లింక్‌లో రెండు నిమిషాల్లో బర్మింగ్‌హామ్ ఇంటర్నేషనల్ స్టేషన్, అక్కడి నుంచి న్యూ స్ట్రీట్, అక్కడ మారితే నాటింగ్‌హామ్. మెట్లెక్కి దిగే బాధ తక్కువ. మాంచెస్టర్ రెండోది. పికడిల్లీ స్టేషన్‌లో ఒక్కసారి మారితే చాలు, కొండల మధ్య దారి అందంగా కూడా ఉంటుంది.

హీత్రూకి హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది కాబట్టి చాలామంది అదే కొంటారు. తప్పు కాదు, కానీ అక్కడి నుంచి మూడు దారులుంటాయి. మొదటిది పికడిల్లీ లైన్ మెట్రో, మారకుండా గంటలో కింగ్స్ క్రాస్ సెయింట్ పాంక్రాస్. చవక, కానీ ఇరుకు. పొద్దున ఎనిమిదింటికి రెండు సూట్‌కేసులతో అందులో నిలబడటం నరకం. రెండోది ఎలిజబెత్ లైన్‌లో ఫారింగ్‌డన్ వరకు, అక్కడ థేమ్స్‌లింక్ రైల్లో ఒక్క స్టాప్. ఖరీదు పికడిల్లీకి రెట్టింపు పైనే, కానీ లిఫ్టులున్నాయి, చోటు ఉంది. సామానుంటే ఇదే. రెండిట్లోనూ లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు ఒకే కార్డు తాకించాలి. మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డు ఇద్దరికి పనికిరాదు. నాటింగ్‌హామ్ రైళ్లు సెయింట్ పాంక్రాస్‌లో పై అంతస్తులో, 1 నుంచి 4 ప్లాట్‌ఫామ్‌ల నుంచి.

మూడోది హీత్రూ నుంచే నాటింగ్‌హామ్‌కి కోచ్. మూడు నాలుగు గంటలు పడుతుంది, కానీ సామాను కింద పెట్టేసి నిద్రపోవచ్చు. మొదటిసారి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఒక్క జాగ్రత్త: మనిషికి రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 20 కిలోలు అనేది వాళ్ల నియమం. విమానంలో 23 కిలోలు ఒప్పుకున్నారని ఆవకాయ సీసాలతో అంచుదాకా నింపకండి.

ఏ దారైనా సరే, విమానం దిగే సమయానికి మూడు గంటలు కలపండి. ఇమిగ్రేషన్ క్యూ, సామాను బెల్టు మన చేతిలో లేవు. నా మొదటి ప్రయాణంలో దిగిన గంటన్నరకే అడ్వాన్స్ రైలు టికెట్ కొని పెట్టుకున్నాను. విమానం నలభై నిమిషాలు ఆలస్యం, క్యూ గంట. రైలు వెళ్లిపోయింది, టికెట్ పోయింది, అక్కడికక్కడ కొన్న కొత్త టికెట్ నా వారం ఖర్చంత అయింది. వచ్చే రోజుకి ఆఫ్‌పీక్ కొనండి, తిరిగి వెళ్లే రోజుకి అడ్వాన్స్ కొనండి.

అమ్మానాన్నలు వస్తున్నప్పుడు

వాళ్లను సెయింట్ పాంక్రాస్ మెట్లమీద నడిపించే పని పెట్టకండి. బర్మింగ్‌హామ్ విమానం కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. రైళ్లలో ప్యాసింజర్ అసిస్ట్ అనే ఉచిత సేవ ఉంది. రెండు గంటల ముందు చెబితే స్టేషన్‌లో మనిషి వచ్చి రైలెక్కించి, దిగే చోట ఇంకొకరు దించుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఇది అడగడానికి మొహమాటపడొద్దు, ఇది అందరికీ ఉన్న హక్కు. 60 దాటినవాళ్లకు సీనియర్ రైల్‌కార్డు ఉంది, స్టేషన్ కౌంటర్‌లో పాస్‌పోర్ట్ చూపించి తీసుకోవచ్చు. పెద్దవాళ్ల ఉచిత బస్ పాస్ మాత్రం ఇక్కడ స్థిరంగా ఉండేవాళ్లకే, చూడటానికి వచ్చినవాళ్లకు రాదు.

నాటింగ్‌హామ్ స్టేషన్‌లో దిగాక వాళ్లను బయటి టాక్సీ వరుస వైపు తీసుకెళ్లక్కర్లేదు. ట్రామ్ స్టాప్ స్టేషన్ మీదుగా వెళ్లే వంతెన మీదే ఉంది, లోపలి నుంచే లిఫ్టులో పైకి వెళ్లొచ్చు. ట్రామ్ నేల ప్లాట్‌ఫామ్‌తో సమానంగా ఉంటుంది, కాలు ఎత్తే పని లేదు. మా అమ్మ మొదటిసారి ఎక్కినప్పుడు కిటికీ పక్కన కూర్చుని, ట్రామ్ బీస్టన్ చేరేదాకా బయటికే చూస్తూ ఉంది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "ఆ పప్పులు అమ్మే చోటికి ఏది ఎక్కాలో చెప్పు, నేనే వెళ్లొస్తా" అంది. వెళ్లేటప్పుడు దిగే స్టాప్, వచ్చేటప్పుడు ఎక్కే స్టాప్ రెండూ చీటీ మీద తెలుగులో రాసిచ్చాను.